పరిశోధకుని కంప్యూటర్‌కు సూచీపత్రం: ఫైళ్ల, ప్రోగ్రాముల ముద్రిత జాబితా తయారీ

వ్యాససంగ్రహం:

తెలుగు సాహిత్య, భాషా పరిశోధనకు ఆధారమైన సామగ్రి ఇప్పుడు ఎక్కువ భాగం కంప్యూటర్‌లోనే ఉంటోంది. తాళపత్రాల ఛాయాచిత్రాలు, క్షేత్రపర్యటనలో చేసిన ధ్వనిముద్రణలు, డి.టి.పి. చేయించిన అధ్యాయాలు, పదసూచికలు ఇందులో చేరతాయి. అయితే ఏ ఫైలు ఎక్కడ ఉంది, దానిని ఏ ప్రోగ్రాంతో, ఏ ఫాంట్‌తో చదవాలి అన్న వివరాన్ని కాగితంపై నమోదు చేసుకునే అలవాటు మన పరిశోధకుల్లో తక్కువ. కంప్యూటర్‌లోని ఫైళ్లకు, ప్రోగ్రాములకు ముద్రించదగిన జాబితాను తయారుచేసే పద్ధతులను వివరించడం, తెలుగు పేర్ల వల్ల ఆ పనిలో ఎదురయ్యే ప్రత్యేక సమస్యలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఫైళ్ల జాబితా, ప్రోగ్రాముల జాబితా, యూనికోడ్, ఫాంట్లు, సూచీకరణ, పరిశోధన సామగ్రి, పరిరక్షణ.

1. ఉపోద్ఘాతం:

లిఖిత ప్రతుల భాండాగారానికి ప్రతుల తరువాత ప్రాణం వంటిది సూచిక. 1869లో ఏర్పడిన చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారంలో సి.పి. బ్రౌన్ సేకరించిన తెలుగు ప్రతులు కూడా ఉన్నాయి. అటువంటి సంస్థలు వెలువరించిన వర్ణనాత్మక సూచికల్లో గ్రంథం పేరు ఒక్కటే ఉండదు. ప్రతి తాళపత్రమా, కాగితమా, పత్రాల సంఖ్య ఎంత, పుటకు ఎన్ని పంక్తులు, లిపి ఏది, ప్రతి స్థితి ఎలా ఉంది, సంపూర్ణమా, అసంపూర్ణమా అన్న వివరాలు ఉంటాయి. ప్రతిని చూడకముందే దాన్ని ఎలా చదవాలో, ఎంతవరకు నమ్మాలో పరిశోధకునికి ఆ సూచిక తెలియజేస్తుంది.

నేటి పరిశోధకుని కంప్యూటర్ కూడా ఒక చిన్న భాండాగారమే. నాలుగైదేళ్ల పిహెచ్.డి. కాలంలో అందులో వేల ఫైళ్లు చేరతాయి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం నిబంధనల ప్రకారం సిద్ధాంతగ్రంథం ఎలక్ట్రానిక్ ప్రతిని ఇన్‌ఫ్లిబ్‌నెట్‌కు సమర్పించాలి. ఆ విధంగా సిద్ధాంతగ్రంథం శోధగంగలో భద్రపడుతుంది. దాని వెనుక ఉన్న మూలసామగ్రి మాత్రం పరిశోధకుని యంత్రంలోనే ఉండిపోతుంది. యంత్రం చెడిపోయినప్పుడు, మారినప్పుడు, పరిశోధకుడు పదవీవిరమణ చేసినప్పుడు, మరణించినప్పుడు ఆ సామగ్రిలో ఏముందో చెప్పగలిగే ఆధారం ఉండదు. హార్డ్‌డిస్క్ నిలిచినా అందులోనిది ఏమిటో తెలియకపోతే అది సూచిక లేని తాళపత్రాల కట్టతో సమానం.

ఈ సూచిక కాగితంపైనే ఎందుకు ఉండాలన్న ప్రశ్న సహజం. యంత్రంలో ఉన్న జాబితా యంత్రంతో పాటే పోతుంది. విద్యుత్తు, పాస్‌వర్డ్, ప్రోగ్రాం అవసరం లేకుండా ఎవరైనా చదవగలిగేది ముద్రిత ప్రతి ఒక్కటే.

2. రెండు జాబితాలు, ఒకే సూచిక:

సాధారణంగా ఫైళ్ల జాబితాను, ప్రోగ్రాముల జాబితాను వేర్వేరు అవసరాలుగా భావిస్తారు. తెలుగు సామగ్రి విషయంలో ఈ విభజన చెల్లదు. కారణం మన డి.టి.పి. చరిత్రలో ఉంది.

1991లో వెలువడిన యూనికోడ్ తొలి సంచికలోనే తెలుగుకు స్థానం లభించింది. సామాన్య వాడుకరికి అది విండోస్ ఎక్స్‌పి (2001), దానితో వచ్చిన గౌతమి ఫాంట్ ద్వారా అందుబాటులోకి వచ్చింది. అంతకుముందే తెలుగు డి.టి.పి. పేజ్‌మేకర్, అను ఫాంట్ల వంటి సాధనాలపై స్థిరపడింది. యూనికోడ్ వచ్చిన తరువాత కూడా ముద్రణ రంగంలో ఆ పద్ధతి చాలాకాలం కొనసాగింది. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరానికి స్వంత సంకేతం లేదు. ఆంగ్లాక్షరాలకు, ఇతర చిహ్నాలకు కేటాయించిన సంకేతాల స్థానంలో తెలుగు అక్షర ఖండాల బొమ్మలు ఉంటాయి. తలకట్టు ఒక చోట, కొమ్ము ఒక చోట, ఒత్తు ఒక చోట ఉంటాయి. ఆ ఫాంట్ లేని యంత్రంలో అదే ఫైలు అర్థంలేని ఆంగ్లాక్షరాల వరుసగా కనిపిస్తుంది. యూనికోడ్‌లోకి మార్చాలన్నా ఏ ఫాంట్ కుటుంబంలో టైపు చేశారో తెలియాలి. ఒక ఫాంట్ కుటుంబానికి తయారుచేసిన మార్పిడి పట్టిక మరొకదానికి పనికిరాదు.

కనుక తెలుగు ఫైలు విషయంలో ‘ఏమి ఉంది’ అన్న ప్రశ్నకు ‘దేనితో చదవాలి’ అన్న ప్రశ్న విడదీయరానిది. లిఖిత ప్రతుల సూచికలో ‘లిపి’ అన్న గడికి ఉన్న ప్రాధాన్యమే ఇక్కడ ‘ప్రోగ్రాం, ఫాంట్’ అన్న గడికి ఉంటుంది.

3. ఫైళ్ల జాబితా తయారీ:

ఎక్కువ మంది పరిశోధకులు వాడేది విండోస్ కనుక ముందుగా అందులోని మూడు పద్ధతులు ఇక్కడ వివరించబడుతున్నాయి. ఆదేశాల పేర్లు తెలుగు లిపిలో ఉన్నప్పటికీ యంత్రంలో వాటిని ఆంగ్లాక్షరాలతోనే టైపు చేయాలి.

3.1. పాత్‌ను కాపీ చేసే పద్ధతి:

ఆదేశాలతో పరిచయం లేనివారికి ఇది సులభమైన మార్గం. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో పరిశోధన ఫోల్డర్‌ను తెరిచి, కంట్రోల్, ఎ మీటలతో అన్నింటినీ ఎంచుకోవాలి. షిఫ్ట్ మీట నొక్కి ఉంచి మౌస్ కుడిమీట నొక్కితే వచ్చే పట్టికలో ‘కాపీ యాజ్ పాత్’ కనిపిస్తుంది. దానిని ఎంచుకుని వర్డ్‌లోగాని ఎక్సెల్‌లోగాని అతికిస్తే ప్రతి ఫైలు పూర్తి చిరునామాతో ఒక్కొక్క పంక్తిగా వస్తుంది. తెలుగు పేర్లు చెడిపోకపోవడం ఈ పద్ధతిలోని సౌకర్యం. లోపలి ఫోల్డర్లలో ఉన్నవి రాకపోవడం లోపం. వెతికే గడిలో నక్షత్రం గుర్తు టైపు చేస్తే లోపలి ఫైళ్లన్నీ ఒకే వరుసలో కనిపిస్తాయి. వెతుకులాట పూర్తయిన తరువాత కాపీ చేసుకుంటే ఈ లోపం తొలగుతుంది.

3.2. డి.ఐ.ఆర్. ఆదేశం:

పరిశోధన ఫోల్డర్‌ను తెరిచి, పైనున్న చిరునామా గడిలో ‘సి.ఎం.డి.’ అని టైపు చేస్తే కమాండ్ ప్రాంప్ట్ ఆ ఫోల్డర్‌లోనే తెరుచుకుంటుంది. అందులో ఇవ్వవలసిన ఆదేశం:

డి.ఐ.ఆర్. /ఎస్ /బి > ..\లిస్ట్.టి.ఎక్స్.టి.

ఇందులో ‘/ఎస్’ అంటే లోపలి ఫోల్డర్లను కూడా చూడమని, ‘/బి’ అంటే చిరునామాలు మాత్రమే ఇవ్వమని అర్థం. ‘>’ గుర్తు ఫలితాన్ని తెరపై చూపకుండా ఫైలులో రాయిస్తుంది. ఆ తరువాతి రెండు చుక్కలు, ఏటవాలు గీత జాబితాను పై ఫోల్డర్‌లో ఉంచమని చెబుతాయి. జాబితాను అదే ఫోల్డర్‌లో రాయిస్తే జాబితాలో జాబితా పేరు కూడా చేరుతుంది. ‘/బి’ని తొలగిస్తే ప్రతి ఫైలు పరిమాణం, తేదీ, ఫోల్డర్ వారీ మొత్తాలు కూడా వస్తాయి. ఫోల్డర్ల అమరికను కొమ్మల రూపంలో చూడాలంటే ‘ట్రీ /ఎఫ్’ ఆదేశం ఉపయోగపడుతుంది.

3.3. పట్టిక రూపం:

పరిమాణం, తేదీ వేర్వేరు గడుల్లో రావాలంటే పవర్‌షెల్ అనుకూలం. అందులో ‘గెట్-చైల్డ్‌ఐటమ్’ ఆదేశానికి ‘-రికర్స్’, ‘-ఫైల్’ అన్న సూచనలు జోడించాలి. ఫలితాన్ని ‘సెలెక్ట్-ఆబ్జెక్ట్’ ద్వారా ‘ఫుల్‌నేమ్’, ‘లెంగ్త్’, ‘లాస్ట్‌రైట్‌టైమ్’ అన్న మూడు అంశాలకు పరిమితం చేసి, ‘ఎక్స్‌పోర్ట్-సి.ఎస్.వి.’తో ఫైలుగా రాయించాలి. ఆ ఫైలు ఎక్సెల్‌లో తెరుచుకుంటుంది. విండోస్‌తో వచ్చే పవర్‌షెల్ 5.1లో చివరగా ‘-ఎన్‌కోడింగ్ యు.టి.ఎఫ్.8’ అని తప్పక చేర్చాలి. లేకపోతే తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలుగా మారతాయి.

లినక్స్‌లో ‘ఎల్.ఎస్.’ ఆదేశానికి పెద్ద ‘ఆర్’ సూచన చేర్చి, లేదా ‘ఫైండ్’ ఆదేశంతో ఇదే పని చేయవచ్చు. మాక్ టెర్మినల్‌లో కూడా ఈ రెండు ఆదేశాలు పనిచేస్తాయి.

4. తెలుగు పేర్ల వల్ల ఎదురయ్యే సమస్యలు:

4.1. ప్రశ్నార్థకాలు:

కమాండ్ ప్రాంప్ట్ పాత కోడ్ పేజీతో పనిచేస్తుంది. అందులో తెలుగు లేదు. అందువల్ల తెలుగు పేర్లున్న ఫోల్డర్‌కు జాబితా తీస్తే పేర్ల స్థానంలో ప్రశ్నార్థకాలు వస్తాయి. జాబితా తీయడానికి ముందు ‘సి.హెచ్.సి.పి. 65001’ అనే ఆదేశం ఇస్తే ఫలితం యు.టి.ఎఫ్.8లో వస్తుంది. తెరపై డబ్బాలు కనిపించినా కంగారు పడనక్కరలేదు. అది ఆ తెరకు వాడిన ఫాంట్ లోపం. జాబితా ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే తెలుగు సరిగానే ఉంటుంది. ముద్రించే ముందు దీనిని సరిచూసుకోవడం తప్పనిసరి. ఒకసారి ప్రశ్నార్థకంగా మారి నమోదైన పేరును జాబితా నుంచి తిరిగి రాబట్టడం సాధ్యం కాదు.

4.2. కంటికి కనిపించని భేదం:

తెలుగులో ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటలను టైపు చేసేటప్పుడు పొల్లు తరువాతి హల్లు ఒత్తుగా మారకుండా జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే చిహ్నాన్ని వాడతారు. దానికి రూపం లేదు. అయినా కంప్యూటర్ దృష్టిలో అది ఒక అక్షరమే. ‘రికార్డింగ్‌లు’ అన్న పేరులో పొల్లు తరువాత ఒకరు ఆ చిహ్నాన్ని ఒకసారి, మరొకరు పొరపాటున రెండుసార్లు టైపు చేస్తే చూపుకు రెండూ ఒకటే, యంత్రానికి వేర్వేరు ఫోల్డర్లు. సామగ్రి రెండుగా చీలిపోయిందని ముద్రిత జాబితాలో ఒకే పేరు రెండుసార్లు కనిపించినప్పుడు తెలుస్తుంది. తెరపై వెతికి దీనిని పట్టుకోవడం కష్టం.

4.3. పేరు పొడవు:

‘లక్ష్మి’ అన్న పేరు తెలుగు పాఠకునికి రెండక్షరాలు. యూనికోడ్‌లో అది ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి కలిసి 7 సంకేతాలు. యు.టి.ఎఫ్.8లో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు చొప్పున 21 బైట్లు. లినక్స్‌లో సాధారణంగా ఫైలు పేరు 255 బైట్లు మించరాదు. అంటే 85 తెలుగు సంకేతాలకే హద్దు వచ్చేస్తుంది. విండోస్‌లో మొత్తం చిరునామాకు సాధారణంగా 260 సంకేతాల పరిమితి ఉంది. వ్యాసం శీర్షికనంతా ఫైలు పేరుగా పెట్టి, దానిని అయిదారు ఫోల్డర్ల లోతున ఉంచితే ఈ పరిమితి సులభంగా దాటుతుంది. అటువంటి ఫైళ్లు కొన్ని ప్రోగ్రాముల్లో తెరుచుకోవు, నకలు తీసేటప్పుడు మిగిలిపోతాయి. జాబితాను ఎక్సెల్‌లో ఉంచి చిరునామాల పొడవును లెక్కిస్తే ప్రమాదంలో ఉన్న ఫైళ్లు బయటపడతాయి.

4.4. అకారాది క్రమం:

యూనికోడ్ సంకేతాల వరుసలో ర తరువాత ఱ, ల తరువాత ళ, ఆ పిమ్మట వ, శ, ష, స, హ వస్తాయి. వర్ణమాలలో ళ, ఱ చివర ఉండటం మనకు అలవాటు. కనుక సంకేతాల వరుసలో అమర్చిన జాబితాను నిఘంటువులా చూసేవారికి కొన్ని పేర్లు ఉండవలసిన చోట కనిపించవు. అంకెల విషయంలోనూ చిక్కు ఉంది. డి.ఐ.ఆర్. ఆదేశం ‘10’ని ‘2’ కంటే ముందు ఉంచుతుంది. 01, 02 అని రెండంకెల్లో సంఖ్యలు వేయడం, తేదీని సంవత్సరం, నెల, రోజు క్రమంలో పేరుకు ముందు ఉంచడం ఇందుకు పరిష్కారం.

5. తేదీల విశ్వసనీయత:

క్షేత్రపరిశోధనలో తేదీకి సాక్ష్యవిలువ ఉంది. విండోస్ ప్రతి ఫైలుకూ సృష్టించిన తేదీని, చివరిసారి మార్చిన తేదీని వేర్వేరుగా నమోదు చేస్తుంది. ఫైలును ఒక డిస్క్ నుంచి మరో డిస్క్‌కు నకలు చేసినప్పుడు సృష్టి తేదీ నకలు చేసిన రోజుకు మారుతుంది. మార్పు తేదీ మాత్రం పాతదే ఉంటుంది. అందువల్ల 2015లో చేసిన ధ్వనిముద్రణకు 2023 సృష్టి తేదీ కనిపించవచ్చు. జాబితాలో మార్పు తేదీని తీసుకోవడం మేలు. అంతకంటే మేలైనది ముద్రణ జరిగిన తేదీని ఫైలు పేరులోనే చేర్చడం.

6. ప్రోగ్రాముల, ఫాంట్ల జాబితా:

విండోస్ సెట్టింగ్స్‌లోని ‘ఇన్‌స్టాల్డ్ యాప్స్’ విభాగం ప్రోగ్రాములను చూపుతుంది. దానిని నేరుగా ముద్రించే సౌకర్యం అక్కడ లేదు. కమాండ్ ప్రాంప్ట్‌లో ‘వింగెట్ లిస్ట్’ అనే ఆదేశం ప్రోగ్రాం పేరు, సంచిక సంఖ్యలను పట్టికగా ఇస్తుంది. పైన చెప్పిన ‘>’ గుర్తుతో దానిని ఫైలుగా రాయించవచ్చు. ‘వింగెట్ ఎక్స్‌పోర్ట్’ తీసిన జాబితాతో కొత్త యంత్రంలో ప్రోగ్రాములను తిరిగి స్థాపించుకోవచ్చు. అయితే వింగెట్ భాండారంలో లేని ప్రోగ్రాములు ఈ ఎగుమతిలో చేరవు. పాత సూచనల్లో కనిపించే ‘డబ్ల్యు.ఎం.ఐ.సి. ప్రొడక్ట్’ ఆదేశం విండోస్ ఇన్‌స్టాలర్ ద్వారా స్థాపించినవాటిని మాత్రమే చూపుతుంది కనుక అది అసంపూర్ణం. ఉబుంటులో ‘ఆప్ట్ లిస్ట్ --ఇన్‌స్టాల్డ్’ ఆదేశం, మాక్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లోని అప్లికేషన్ల విభాగం ఇదే పని చేస్తాయి.

ఏ ఆదేశమూ చూపనివి మూడు ఉన్నాయి. స్థాపించకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిచే ప్రోగ్రాములు మొదటివి. లేఖిని వంటి అంతర్జాల టైపింగ్ పరికరాలు రెండవవి. విడిగా చేర్చుకున్న ఫాంట్లు మూడవవి. విండోస్ ఫోల్డర్‌లోని ఫాంట్స్ ఫోల్డర్‌కు 3.2లో చెప్పిన ఆదేశంతోనే ప్రత్యేక జాబితా తీయాలి. ఒక వాడుకరి ఖాతాకు మాత్రమే చేర్చిన ఫాంట్లు ఆ ఖాతా ఫోల్డర్‌లో ఉంటాయి కనుక అక్కడా చూడాలి. మిగిలిన రెండింటినీ చేతితో రాయవలసిందే.

ఫైలు పేరు చివరనున్న పొడిగింపు ఈ రెండు జాబితాలనూ కలిపే సూత్రం. పి.65 అని ఉంటే పేజ్‌మేకర్ 6.5లో, పి.ఎం.డి. అని ఉంటే పేజ్‌మేకర్ 7లో తయారైనదని తెలుస్తుంది. పొడిగింపు ప్రోగ్రాంను చెబుతుంది గాని ఫాంట్‌ను చెప్పదు. ఆ వివరం టైపు చేయించినవారికే తెలుసు. కనుక వారు ఉన్నప్పుడే దానిని నమోదు చేయాలి.

7. ముద్రణకు అనువైన రూపం:

యంత్రం మొత్తానికి జాబితా తీస్తే వ్యవస్థకు చెందిన ఫైళ్లే లక్ష దాటవచ్చు. పుటకు 50 పంక్తుల చొప్పున అది 2000 పుటలు అవుతుంది. 2000 ఫైళ్లున్న పరిశోధన ఫోల్డర్‌కు 40 పుటలు చాలు. కనుక ముద్రణను పరిశోధన ఫోల్డర్‌కే పరిమితం చేయాలి.

యంత్రం ఇచ్చిన జాబితాకు ముందు ఫోల్డర్ వారీగా ఒక సంగ్రహ పట్టికను చేర్చడం అవసరం. అందులో ఉండదగిన గడులు ఇవి:

1. వరుస సంఖ్య
2. ఫోల్డర్ పేరు
3. విషయం (ఉదాహరణకు: యక్షగాన ప్రదర్శనల ధ్వనిముద్రణలు)
4. ఫైళ్ల సంఖ్య, మొత్తం పరిమాణం
5. ఫైలు రకం, తెరవడానికి కావలసిన ప్రోగ్రాం, దాని సంచిక
6. ఫాంట్ (యూనికోడ్ అయితే ఆ మాట)
7. సంపూర్ణమా, అసంపూర్ణమా
8. రెండవ నకలు ఉన్న చోటు

ప్రతి పుటపైనా జాబితా తీసిన తేదీ, యంత్రం గుర్తు, పుట సంఖ్య ఉండాలి. తేదీ లేని జాబితా పాతదో కొత్తదో తెలియక తప్పుదారి పట్టిస్తుంది. తెలుగు ఫాంట్‌గా నిర్మల యు.ఐ. వంటి యూనికోడ్ ఫాంట్‌ను ఎంచుకుని, ముందుగా ఒక పుట ముద్రించి చూసుకోవాలి.

8. జాబితా పరిమితులు, గోప్యత:

జాబితా ఫైలు ఉనికికి సాక్ష్యం. అది ఫైలు క్షేమానికి హామీ కాదు. పేరు, పరిమాణం సరిగా ఉన్నా లోపలి విషయం చెడిపోయి ఉండవచ్చు. అరుదైన ప్రతుల ఛాయాచిత్రాల వంటి ముఖ్యమైన ఫైళ్లకు పవర్‌షెల్‌లోని ‘గెట్-ఫైల్‌హ్యాష్’ ఆదేశంతో 64 గుర్తుల ముద్రాంకాన్ని తీసి జాబితా పక్కన ఉంచాలి. లోపల ఒక్క బిట్ మారినా ముద్రాంకం మారుతుంది. వన్‌డ్రైవ్ వంటి సేవల్లో ఉన్న ఫైళ్లు కూడా జాబితాలో కనిపిస్తాయి. వాటి విషయం యంత్రంలో లేకుండా దూరపు సర్వర్‌లో మాత్రమే ఉండే అవకాశం ఉంది. ఆ భేదాన్ని పట్టికలో సూచించాలి.

ఫైళ్ల పేర్లలో సమాచారదాతల పేర్లు, ఊళ్లు, కులాలు, విద్యార్థుల మార్కుల వివరాలు ఉండవచ్చు. ఫైలును తెరవకుండానే జాబితా వాటిని బయటపెడుతుంది. ఇతరులకు ఇచ్చే ప్రతిలో అటువంటి పేర్లకు బదులు సంఖ్యలు వాడటం పరిశోధన నైతికతకు సంబంధించిన విషయం.

9. ముగింపు:

- పరిశోధన సామగ్రికి ముద్రిత జాబితా లిఖిత ప్రతుల వర్ణనాత్మక సూచిక వంటిది. యంత్రంతో నిమిత్తం లేకుండా నిలిచేది కనుక దానికి విలువ.
- యూనికోడ్‌కు పూర్వపు తెలుగు ఫైళ్లకు ప్రోగ్రాం, ఫాంట్ వివరం లేని జాబితా అసంపూర్ణం. రెండు జాబితాలను కలిపి ముద్రించాలి.
- తెలుగు పేర్లున్నప్పుడు యు.టి.ఎఫ్.8లో జాబితా తీయడం, ముద్రణకు ముందు సరిచూడటం తప్పనిసరి.
- యంత్రం పేరును, పరిమాణాన్ని, తేదీని మాత్రమే ఇవ్వగలదు. విషయం, ఫాంట్, సంపూర్ణత వంటి వివరాలను పరిశోధకుడే రాయాలి.
- సిద్ధాంతగ్రంథం సమర్పించే సమయంలో ఈ జాబితాకు ఒక ప్రతిని పర్యవేక్షకుని వద్ద, మరొకటి శాఖా గ్రంథాలయంలో ఉంచే పద్ధతి ఏర్పడితే తరువాతి పరిశోధకులకు ఆ సామగ్రి జాడ దొరుకుతుంది. ఇందుకు అదనపు వ్యయం లేదు. ఏడాదికి ఒక పూట, కొన్ని కాగితాలు చాలు.